గేటుకి లోపలివైపు

మంగళవారం పొద్దున వెర్నెల్ గిస్ట్ రెయిలింగు పట్టుకుని మిల్లు రెండో అంతస్తు ఎక్కేసరికి ఫోటో గోడకి బిగించేశారు. గోడ సగం అదే ఆక్రమించింది.

1934 సెప్టెంబరు. మిల్లు గేటు ముందు సమ్మెకారులు, నూట యాభై మందికి తక్కువుండరు. మాసిన టోపీల మగవాళ్ళు, పూలగౌన్ల ఆడవాళ్ళు, అందరూ తెల్లవాళ్ళే. ఆ ఫోటో తీసిన మర్నాడే అదే గేటు దగ్గర ముగ్గురు తుపాకి దెబ్బలకి పోయారు. కారవే ఊళ్ళో ఈ ఫోటో చూడనివాళ్ళు లేరు. లైబ్రరీలో ఉంది, బ్యాంకు వాళ్ళ క్యాలెండరు మీదా వేశారు. అయితే ఇన్నాళ్ళూ అందరూ చూసింది కుడిపక్క కత్తిరించిన బొమ్మ. ఇప్పుడు అసలు ఫిల్మునించి మొత్తం తీయించారు. కుడిపక్క చివర, గేటు చువ్వల వెనక, ఒక నల్లమనిషి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి చువ్వ మీద ఉంది. చూపు కెమెరా వైపు లేదు, జనం వైపు ఉంది.

"ఈయనెవరో ఎవరికీ తెలీదంటున్నారు, మిస్ వెర్నెల్" అంది టామ్సిన్. మూతబడ్డ మిల్లుని కళాకేంద్రం చెయ్యడానికి చార్ల్‌స్టన్ నించి వచ్చిన పిల్ల. ముప్పై నిండలేదు. కింద అంతస్తులో కుండలు చేసే గది, బాంజో నేర్పే గది, కాఫీ కొట్టు అన్నీ ఆమె తెచ్చిపెట్టినవే. శనివారం ప్రారంభోత్సవం.

వెర్నెల్ కళ్ళజోడు పైకి తోసుకుని దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది.

"మా తాత" అంది. "కేటో గిస్ట్. యార్డులో దూది బేళ్ళు మోసేవాడు. ఆ ఎడం భుజం చూడు, ఎలా కిందికి జారిందో. చర్చిలో కూర్చున్నా అలాగే ఉండేది."

టామ్సిన్ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అంటే సమ్మెలో నల్లవాళ్ళు కూడా ఉన్నారన్నమాట!"

"మా నాన్న అనేవాడు, కాల్పులప్పుడు మీ తాత గేటు దగ్గరే ఉన్నాడని. ఎంత అడిగినా అంతకుమించి చెప్పేవాడు కాదు."

"చాలు, చాలు. ఈ సాయంత్రానికే ఫోటో కింద పేరుతో కార్డు రాసి పెట్టేస్తాను."

గది అటుచివర డ్యూయీ రూడిసిల్ వంగి నూలు వడికే ఫ్రేము చక్రం కింద స్పానరు తిప్పుతున్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ళు. గేటు దగ్గర పోయిన ముగ్గురిలో హోయ్ట్ రూడిసిల్ అతని తండ్రి. తండ్రి పోయిన నాలుగు నెలలకి పుట్టాడు. మిల్లు మూసేదాకా మెకానిక్కుగా చేశాడు. శనివారం జనానికి చూపించడానికి మిగిలిన ఒక్క ఫ్రేమునీ అతనే తిప్పాలి. వెర్నెల్ మాట వినపడగానే స్పానరు చప్పుడు ఆగింది. ఆమె తల తిప్పి చూసింది. అతను మళ్ళీ వంగి పని చేసుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ ఫ్రేము నడిపి చూశారు. ఇరవైనాలుగు కదుళ్ళు తిరుగుతుంటేనే నేల వణికింది. ఇదే మిల్లులో వెయ్యి కదుళ్ళ మధ్య ముప్పైఅయిదేళ్ళు నిలబడి పనిచేసిన వెర్నెల్‌కి అది పెద్ద చప్పుడు కాదు. పోగు తెగినచోటల్లా వెర్నెల్ మోకాలితో కదురు ఆపి, బాబిన్ మీంచి కొస వెతికి తీసి, పైనించి దిగే దూది పేటకి వేలి చివర ఇట్టే తగిలించేది. అతుకు ఎక్కడ పడిందో కనపడేది కాదు. నేర్చుకుందామని పక్కన నిలబడ్డ టామ్సిన్‌కి ఆరుసార్లు చూపించినా పట్టుబడలేదు.

"కళ్ళతో చెయ్యకమ్మా" అంది వెర్నెల్. "చూసి తగిలించేసరికి పక్కన ఇంకో నాలుగు తెగుతాయి."

డ్యూయీ ఆ రోజంతా రెండు మాటలు కూడా మాట్లాడలేదు. అతను ఎప్పుడూ మాటకారి కాదు కాబట్టి వెర్నెల్ పట్టించుకోలేదు.

బుధవారం టామ్సిన్ ఆమెని చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది. ముప్పై ఏళ్ళ కిందట కాలేజీ వాళ్ళెవరో వచ్చి ముసలి కార్మికుల మాటలు క్యాసెట్లలో పట్టి వెళ్ళారు. వాటిలోంచి ముక్కలు ఏరి, జనం మీట నొక్కి వినేలా గోడలకి పెట్టాలని టామ్సిన్ ఆలోచన. పేర్లూ వీధులూ సరిచూడాలంటే ఊరి మనిషి కావాలి.

మూడో క్యాసెట్టు లాటీ రూడిసిల్‌ది. డ్యూయీ తల్లి. గొంతు వినగానే వెర్నెల్‌కి గుర్తొచ్చింది, కిరాణా కొట్లో వరసలో తన ముందు నిలబడి ఎప్పుడూ వెనక్కి తిరగని సన్నపాటి ముసలామె. సమ్మెకి ముందు ఆమె వడికే గదిలో పనిచేసేది. క్యాసెట్లో ఏవేవో చెప్పింది. కట్టెల పొయ్యిల గురించి, యూనియన్ వాళ్ళు పంచిన బీన్సు గురించి. ఆ తర్వాత మామూలు గొంతుతోనే అంది:

"రెండో వారానికి లోపల మెషీన్లు తిరుగుతున్న చప్పుడు వినపడింది. ఎవర్రా అని కంచె దగ్గరికి పోయి చూశాం. యార్డులో నల్లవాళ్ళని తెచ్చి ఫ్రేముల మీద పెట్టారు. తెల్లవాళ్ళున్న గదిలో నల్లవాళ్ళు పనిచెయ్యకూడదని అప్పట్లో చట్టం. కానీ మేమంతా బయట ఉన్నాం కదా, గదిలో తెల్లవాళ్ళే లేరు. అలా సరిపెట్టుకున్నారు. నా ఫ్రేము మీద కేటోని పెట్టారు, ఆ గిస్ట్‌ల కేటోని. ఊపిరి తీసుకుందామని గేటు దాకా వచ్చాడు, ఒంటినిండా దూది. నేను చువ్వలు పట్టుకుని అరిచాను, అది నా ఫ్రేము, నా పిల్లల తిండి లాక్కుంటున్నావురా అని. అతను అరవలేదు. 'మీ మీటింగుకి నన్నెవరూ పిలవలేదమ్మా' అన్నాడు. ఆ మర్నాడే మా ఆయన పోయాడు."

క్యాసెట్లో కుర్చీ కిర్రుమంది.

"ఎన్నో ఏళ్ళు ఆ కేటో అంటే నాకు పడేది కాదు. కాల్చినవాళ్ళ మీద అంత కోపం రాలేదు, ఎందుకో మరి. మిల్లు వాళ్ళు తుపాకులిచ్చి నిలబెట్టిన ఊరివాళ్ళే, మా వీధి చివరే ఉండేవాళ్ళు, రోజూ మొహాలు చూసుకోవాలి. కేటో మీద కోపం తెచ్చుకోవడం తేలిక."

వెర్నెల్ వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మూడోసారీ విన్నది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టామ్సిన్ తలుపులోంచి తొంగిచూసి "బాగా వచ్చాయా?" అని అడిగింది.

"మూడోది ఇంకోసారి వినాలి" అంది వెర్నెల్. "రేపొస్తాను."

బయటికి వస్తూ ఫోటో ముందు ఆగింది. కార్డు అప్పటికే పెట్టేశారు. *సమ్మెకారులకు అండగా నిలిచిన నల్లజాతి కార్మికుడు కేటో గిస్ట్.* బొమ్మలో తాత చొక్కా భుజాల మీద తెల్లటి మచ్చలున్నాయి. నిన్న వాటిని ఫోటో పాతబడి వచ్చిన మరకలనుకుంది. దూది నుసి. యార్డులో బేళ్ళు మోసేవాడికి బట్టలకి మట్టి అంటుతుంది, గోనెపీచు అంటుతుంది. ఇంత మెత్తటి నుసి వడికే గదిలోనే పడుతుంది. ముప్పైఅయిదేళ్ళు రోజూ సాయంత్రం ఇంటి గుమ్మం బయట నిలబడి తన జుట్టులోంచి దులుపుకున్న నుసి అది. చూసీ పోల్చుకోలేకపోయింది.

గురువారం ఆమె వెళ్ళేసరికి డ్యూయీ ఒక్కడే ఫ్రేము కింద నూనె పోస్తున్నాడు. వెర్నెల్ చేతిసంచీ కిటికీలో పెట్టింది.

"నీకు తెలుసు" అంది.

అతను నూనెడబ్బా కింద పెట్టి, గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. "తెలుసు."

"ఎప్పణ్ణించి?"

"నువ్వు పనిలో చేరిన రోజునించి. అరవై ఆరులో. ఇంటికెళ్ళి, ఫ్రేముల మీద నల్లపిల్లని పెట్టారే అమ్మా, గిస్ట్ అట అన్నాను. మా అమ్మ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆ రాత్రి మొత్తం చెప్పింది."

"రెండేళ్ళు నాతో మాట్లాడలేదు నువ్వు. ఫ్రేము ఆగితే వచ్చేవాడివి, బాగుచేసేవాడివి, నా మొహం చూడకుండా పోయేవాడివి. నేను నల్లదాన్నని అనుకున్నాను."

"అదీ ఉంది" అన్నాడు డ్యూయీ. "లేదని నీ దగ్గర అబద్ధం ఎందుకు. రెండూ కలిసిపోయాయి. ఏది ఎంతో నాకే తెలీదు."

వెర్నెల్ కిటికీ గట్టు మీద కూర్చుంది. కింద బాంజో నేర్చుకునేవాళ్ళు ఒకే వరస మళ్ళీ మళ్ళీ తప్పు వాయిస్తున్నారు.

"మంగళవారం చెప్పి ఉండొచ్చుగా. నేను వెర్రిదానిలా ఆ పిల్లతో అండగా నిలిచాడు అనిపించుకుంటుంటే."

"నువ్వంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పమంటావు?"

"నువ్వు చెప్పకపోతే క్యాసెట్టు చెప్పింది."

"మా అమ్మ మాట అది. మా అమ్మ చెబితేనే బాగుంటుంది." అతను స్పానరు చేతిలోకి తీసుకుని, దానితో ఏం చెయ్యాలో తెలీనట్టు మళ్ళీ పెట్టేశాడు. "ఇంకోటి కూడా ఉంది. మా నాన్న యూనియన్ సెక్రటరీ. చేరేవాళ్ళ పేర్లు రాసుకునే పుస్తకం ఆయన జేబులోనే ఉండేది. మీ తాతని ఎవరైనా అడగాలంటే, అడగాల్సింది ఆయనే."

"అడిగుంటే వచ్చేవాడంటావా?"

"ఏమో. అడగలేదుగా. మనకెలా తెలుస్తుంది?"

ఆమె లేచి తెగిన పోగు ఒకటి అతికింది. ఫ్రేము నడవడం లేదు, అతికినా ఉపయోగం లేదు. అయినా అతికింది.

"సమ్మె అయ్యాక మా తాతని మళ్ళీ యార్డులోకే పంపేశారు, తెలుసా?" అంది. "పోయేదాకా బేళ్ళే మోశాడు. నాకు మిల్లులో పని దొరికిన రోజు మా నాన్న ఎగిరి గంతేశాడు గానీ తాత మాత్రం ఒక్కటే అడిగాడు, 'ఏ గదిలో?' అని. వడికే గదిలో అన్నాను. 'మెషీనుకి ఎడమపక్క నిలబడు, గాలి వస్తుంది' అన్నాడు. యార్డు మనిషికి అదెలా తెలుసని నాకు తట్టనే లేదు."

డ్యూయీ ఎడమవైపు కిటికీ కేసి చూశాడు, అంతే.

ఆ సాయంత్రం చర్చి వంటగదిలో ఆడవాళ్ళు శనివారం చేపల వేపుడికి సిద్ధం చేస్తున్నారు. వెర్నెల్ మొక్కజొన్న పిండి జల్లిస్తూ, పక్కన బంగాళదుంపలు చెక్కు తీస్తున్న జెనోబియా టేట్‌కి మెల్లగా సంగతి చెప్పింది. జెనోబియాకి ఎనభై నాలుగు. చర్చిలో ఆమెకంటే పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్నారు.

"కార్డు మార్చమందామనుకుంటున్నా, అక్కా. ఉన్నదున్నట్టు రాయమని."

జెనోబియా కత్తి ఆగింది. "నీకేం పోయేకాలమే?"

"అబద్ధం కదా అది."

"మంచి అబద్ధం. ఇన్నాళ్ళకి మనవాడి మొహం ఆ గోడెక్కింది, పక్కన మంచిమాట రాశారు. నీ చేతులతో నువ్వే బురద పూస్తావా? సమ్మెద్రోహి మనవరాలని పిలిపించుకుంటావా ఈ వయసులో?"

"ఆ మనిషికి పిలుపే రాలేదు అక్కా. అది కూడా రాస్తారు."

"అది ఎవరు చదువుతారు? మొదటి ముక్క చదివి పోతారు." జెనోబియా దుంప తిప్పి మళ్ళీ చెక్కడం మొదలెట్టింది, ఈసారి తొక్కతోబాటు సగం దుంప పోయేలా. "పోయినవాళ్ళని పడుకోనీ వెర్నెల్. ఈ చర్చిలో ఎంతమంది ఎన్ని దాచుకుని పడుకున్నారో నీకు తెలీదు."

వెర్నెల్‌కి ఆ మాట వింతగా తోచింది. ఇంకేదో అడగబోతే జెనోబియా దుంపల గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

శుక్రవారం టామ్సిన్ వెర్నెల్ చెప్పింది మొత్తం విని, క్యాసెట్టు కూడా విని, చేతులు జుట్టులోకి పోనిచ్చుకుని కూర్చుంది.

"మిస్ వెర్నెల్, ఇది చాలా పెద్ద సంగతి. పుస్తకం రాయాల్సిన సంగతి. కాదనను. కానీ రేపు పండగ. చచ్చిపోయిన ముగ్గురి కుటుంబాలూ వస్తున్నాయి. ఇవాళ్టికి పేరొక్కటీ ఉంచుదాం, కేటో గిస్ట్ అని. మిగతాది తర్వాత నిదానంగా..."

"తర్వాతంటే ఎప్పుడమ్మా?"

టామ్సిన్ బల్ల మీది కాగితాలు సర్దింది. ఆ పిల్ల చెడ్డది కాదు. రెండేళ్ళుగా ఈ పాత గోడల మధ్య దుమ్ము పీలుస్తూ కష్టపడింది. రేపు ఒక్కరోజు ఎవరూ ఎవరిమీదా అరవకుండా గడిచిపోతే చాలనుకుంటోంది. వెర్నెల్‌కి ఆమె మీద జాలి వేసింది. అయినా కాగితం లాక్కుని, నిలబడే, పెద్ద అక్షరాలతో రాసింది. స్కూల్లో నేర్చుకున్న గుండ్రటి రాత.

*కేటో గిస్ట్, యార్డు కార్మికుడు. సమ్మె రెండో వారంనించి మిల్లు లోపల లాటీ రూడిసిల్ ఫ్రేము నడిపాడు. యూనియన్ అతన్ని రమ్మని అడగలేదు. సమ్మె తర్వాత మిల్లు అతన్ని తిరిగి యార్డుకి పంపింది. చెప్పినవారు: లాటీ రూడిసిల్, వెర్నెల్ గిస్ట్.*

"మంచివాడనీ రాయలేదు, చెడ్డవాడనీ రాయలేదు" అంది. "ఇది పెట్టు. లేకపోతే ఫోటోలో మా తాతని మళ్ళీ కత్తిరించెయ్."

టామ్సిన్ కాగితం రెండుసార్లు చదివింది. టైపు చేయించలేదు. ఆ చేతిరాతే అలాగే తీసుకెళ్ళి పాత కార్డు ఊడదీసి అక్కడ అంటించింది.

శనివారం పదకొండింటికల్లా మిల్లు నిండిపోయింది. కింద చేపల వేపుడు వాసన, తియ్యటి టీ గ్లాసులు, వాకిట్లో బాంజోలు. చర్చి ఆడవాళ్ళు వంతులు వేసుకుని పైకి వచ్చి చూసి వెళుతున్నారు. వెర్నెల్ ఫ్రేము దగ్గర నిలబడి గంటకోసారి పోగులు అతికి చూపించింది. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. పన్నెండింటికి డ్యూయీ చిన్న వేదిక ఎక్కి ఏటా చదివినట్టే ముగ్గురి పేర్లూ చదివాడు. తండ్రి పేరు దగ్గర గొంతు సవరించుకోలేదు. చదివేసి దిగిపోయాడు.

ఆ తర్వాతే రాన్సమ్ టీగ్ ఫోటో దగ్గరికి వచ్చాడు. ఊళ్ళో పెద్ద హార్డ్‌వేర్ కొట్టు అతనిది. చనిపోయిన ముగ్గురిలో ఒకరు అతనికి చిన్నతాత. కార్డు చదివాడు, మళ్ళీ చదివాడు. మెడ ఎర్రబడింది.

"ఇదేంటి?" అన్నాడు చుట్టూ వినపడేలా. "మా చిన్నతాత ఈ గేటు దగ్గర పడిపోయాడు. ఆయన బొమ్మ పక్కన సమ్మెద్రోహి పేరేంటి? అదీ లోపలికి పోయి పనిచేశాడని గొప్పగా రాసి మరీ!"

గదిలో మాటలు తగ్గాయి. టామ్సిన్ అటువైపు పరిగెత్తబోయింది. వెర్నెల్ ఆమె మోచేయి పట్టుకుని ఆపి, తనే వెళ్ళింది.

"రాసింది నేను, రాన్సమ్. ఆయన మా తాత."

"నీ మీద నాకేం కోపం లేదు మిస్ వెర్నెల్. కానీ ఇది ఆ పోయినవాళ్ళ గోడ."

"మీ చిన్నతాతని మా తాత కాల్చలేదు. కాల్చినవాళ్ళ పేర్లు ఈ గోడ మీదెక్కడైనా ఉన్నాయా చూడు. లేవు. వాళ్ళ మనవలు ఈ గదిలో లేరంటావా?"

 కిటికీ దగ్గర ఒకావిడ చేతిలో గ్లాసు కేసి తల దించుకుంది. రాన్సమ్ అటూ ఇటూ చూసి డ్యూయీని పట్టుకున్నాడు.

"డ్యూయీ, నువ్వు చూస్తూ ఊరుకుంటావా? మీ నాన్న గోడ ఇది!"

డ్యూయీ నిదానంగా వచ్చి కార్డు ముందు నిలబడ్డాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మొదటినించీ చదివాడు. అందరూ చూస్తుండగా ఒక్కో ముక్కా.

"చెప్పింది మా అమ్మ" అన్నాడు. "అడగనిది మా నాన్న. నీ పేరు ఇందులో ఎక్కడా లేదుగా, రాన్సమ్. నీకేం నొప్పి?"

వెనకనించి ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. రాన్సమ్ నోరు తెరిచి మూసి, టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతనితో ఇంకో నలుగురు వెళ్ళారు. వెళ్ళనివాళ్ళలో కూడా అందరి మొహాలూ బాగాలేవు. కొందరు వెర్నెల్ దగ్గరికి రాకుండా గోడ అంచునే నడిచి అటు పోయారు. ఆ పోయేవాళ్ళలో ఇరవై ఏళ్ళు పక్క ఫ్రేము మీద పనిచేసిన ఆవిడ కూడా ఉంది. వెర్నెల్ గోడకి చెయ్యి ఆనించింది. డ్యూయీ కుర్చీ లాగి ఆమె వెనక పెట్టాడు. తను కూర్చోలేదు, పక్కన నిలబడ్డాడు.

"కాఫీ తెమ్మంటావా?" అన్నాడు.

"వద్దు."

మూడింటికి జనం పల్చబడ్డారు. వెర్నెల్ ఇంటికి పోదామని లేస్తుండగా మెట్ల మీద కర్ర చప్పుడు వినపడింది. జెనోబియా టేట్. వంట ఏప్రను తియ్యలేదు, చేతులకి మొక్కజొన్న పిండి అలాగే ఉంది. ఆమె వెనక చర్చిలో వెనక వరసలో కూర్చునే ముసలి మిస్టర్ ఆంబ్రోస్ ఉన్నాడు. ఇంకొకావిడ ఎవరో వెర్నెల్‌కి తెలీదు, పక్క ఊరినించి వచ్చినట్టుంది.

జెనోబియా తిన్నగా కార్డు దగ్గరికి వెళ్ళి, కర్రకి ఆనుకుని చదివింది. పెదాలు కదిలాయి.  తిట్టడానికే వచ్చిందనుకుంది వెర్నెల్.

"మా మావయ్య" అంది జెనోబియా. "లూషియస్. లూషియస్ బాయిడ్. మీ తాత పక్క ఫ్రేము మీద పెట్టారు ఆయన్ని. రెండు వారాలు. ఆ తర్వాత మా అమ్మ మా అందరి చేతా ఒట్టు పెట్టించుకుంది, ఎక్కడా అనకూడదని. నాకప్పుడు నాలుగేళ్ళు. ఒట్టు ఏమిటో కూడా తెలీదు, పెట్టాను."

మిస్టర్ ఆంబ్రోస్ టోపీ చేతుల్లో తిప్పాడు. "మా నాన్న కూడా" అన్నాడు. ఎవరికీ సరిగా వినపడలేదు. మళ్ళీ అన్నాడు.

తెలియని ఆవిడ సంచీలోంచి మడిచిన రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుని, "మావాళ్ళు ఇద్దరు" అంది.

వెర్నెల్ కార్డు కేసి చూసింది. కింద అంగుళం ఖాళీ కూడా లేదు. టామ్సిన్ అప్పటికే లోపలికి పరిగెత్తి ఒక చేత్తో తెల్లటి అట్ట, ఇంకో చేత్తో పెన్ను పట్టుకొచ్చింది. డ్యూయీ ఫ్రేము పక్కనున్న బల్ల మీంచి నూనెడబ్బా, పనిముట్లు దించి, గుడ్డతో బల్ల తుడిచాడు. వెర్నెల్ కుర్చీ ముందుకి జరుపుకుని పెన్ను మూత తీసింది.

"ఒక్కొక్కళ్ళూ చెప్పండి" అంది. "నిదానంగా. ఇంటిపేర్లతో సహా."